అయిదో అడ్రసు

పిడుగు దెబ్బకి నెట్‌వర్క్ కార్డు మాడిపోయి నాలుగు రోజులైంది. తూకం కాటాలు బాగుచేసే మెకానిక్ తన ఇంట్లో తనే కొత్త కార్డు తెచ్చి బిగించుకున్నాడు. అయినా ఇంట్లో ఎవరికీ నెట్ రాలేదు. వింతేమిటంటే, ఇంటికీ బయటికీ మధ్య కాపలాగా అతను పెట్టుకున్న పాత లినక్స్ కంప్యూటరు పెట్టెకి మాత్రం శుభ్రంగా వస్తోంది.

“కాపలావాడికి విందు, ఇంటివాళ్లకి పస్తు. బాగుందన్నయ్యా నీ ఏర్పాటు,” అంది చెల్లెలు, బీన్స్ తుంచుతూ.

“నోటికి కాస్త విశ్రాంతి ఇచ్చి కాయలు తుంచవే.”

మొగుడి చేతి దెబ్బలు పడలేక ఆర్నెల్ల కిందట కూతురితో, మొగుడికి తెలియని ఊళ్లో ఉంటున్న అన్న దగ్గరికి వచ్చేసింది ఆమె. నెలకోసారి కోర్టులో పిల్లని తండ్రికి చూపిస్తుంది గానీ, ఉంటున్న ఊరిపేరు కూడా పొక్కనివ్వలేదు.

అతను బయటికి పోతున్న డేటా ప్యాకెట్లని తెరమీద గమనించాడు. ఇంట్లోని ఒక్కో యంత్రానికీ ఇంటివరకే చెల్లే అడ్రసు ఉంటుంది. గడప దాటేటప్పుడు పెట్టె దాన్ని చెరిపి తన అడ్రసు వెయ్యాలి. లేకపోతే జవాబు తిరిగిరాదు. ఆ పని చెప్పే రూలులో మాడిపోయిన కార్డు పేరే ఉండిపోయింది. ఆ ఒక్క మాట మార్చాడు.

చెల్లెలి ఫోను టింగుటింగుమంది. “హమ్మయ్య, బతికాం!”

చేసిన పని మురిపెంగా చూసుకుందామని, అడ్రసులు మారుతున్న పట్టిక తెరిచాడు. తన ఫోను, చెల్లెలి ఫోను, కంప్యూటరు, టీవీ. వాటి కింద అయిదోది. నాలుగు రోజులు దాచుకున్నదంతా కక్కుతున్నట్టు ఆగకుండా బయటికి పంపుతోంది. తెలిసినవి నాలుగూ ఆపేశాడు. అయిదోది ఆగలేదు.

“తీగల మావయ్యా! నా ఎలుగుబంటి మాట్లాడుతోంది!” పిల్ల బొమ్మని చంకనేసుకుని పరుగెత్తుకొచ్చింది.

“ఎక్కడిదే అది?”

“పిడుగు పడిన సోమవారం కోర్టులో నాన్న ఇచ్చాడు. నాన్న వైఫై పాస్‌వర్డ్ అడిగితే నేనే చెప్పా. ఇప్పుడేమో ఇది మన వీధిలో ఏమున్నాయని అడిగింది.”

“చెప్పావా?”

“ఆకుపచ్చ గేటు, నీళ్ల ట్యాంకు, ఎదురుగా టైర్ల షాపు... బోర్డు మీద ఊరిపేరు కూడా చదివి చెప్పా!”

నాలుగు రోజులూ మూసుకుని ఉన్న తలుపు, తన చేత్తోనే తీశాడు. నెట్ తీగ పీకబోతుంటే చెల్లెలు మణికట్టు పట్టుకుని చెవిలో గొణిగింది: “పీకకు. ఆగిపోతే మనకి తెలిసిపోయిందని వాడికి అర్థమవుతుంది. అప్పుడు ఆఘమేఘాల మీద వస్తాడు.”

తర్వాత గొంతు పెంచింది. “అన్నయ్యా, సాయంత్రం వచ్చేటప్పుడు వంకాయలు తెస్తావా?”

“తెస్తాలే. లేతవే తెస్తా,” అన్నాడు, అటక మీంచి సంచి దించుతూ.

ఆమె చప్పుడు కాకుండా పిల్ల గౌన్లు కుక్కింది. కాగితాలు కుక్కింది. ఊపిరి బిగబట్టి జిప్పు లాగింది.

పిల్ల చంకలోంచి ఎలుగుబంటి ముద్దుముద్దుగా అడిగింది.

“బంగారూ, ఆ చప్పుడేంటి? అమ్మ సంచి సర్దుతోందా?”