విడిదింటి షవర్

విడిదిలో భోజనం బాగోకపోతే ఆ మాట పెళ్ళితో పోతుంది. నీళ్ళు రాకపోతే మాత్రం ఆ పెళ్ళికూతురు కాపురం చేసినంత కాలం ఆ మాట వస్తూనే ఉంటుంది. ఈ సంగతి శివపార్వతికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె పెళ్ళినాడు రేపల్లెలో మగపెళ్ళివారికిచ్చిన విడిదిలో మోటారు కాలిపోయింది. తెనాలి నుంచి దిగిన అత్తగారు బసవమ్మ గోలీసోడాతో మొహం కడుక్కుంది. కడుక్కున్నది ఒక్కసారే గానీ చెప్పింది లెక్కలేనన్ని సార్లు. సీమంతంలో చెప్పింది, బారసాలలో చెప్పింది, గృహప్రవేశంలో చెప్పింది. ఎవరింట్లో సోడా తెచ్చి చేతికిచ్చినా, "మా కోడలి పుట్టింటివాళ్ళయితే దీంతో మొహాలు కడిగిస్తారు" అని మొదలుపెట్టేది. అందరూ నవ్వేవాళ్ళు. శివపార్వతీ నవ్వేది. నవ్వి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు కాస్త గట్టిగా పెట్టేది.

ఇప్పుడు అక్క నాగజ్యోతి కూతురు కీర్తన పెళ్ళి. పెళ్ళికొడుకు శ్రీకర్‌ది బాపట్ల. పెళ్ళి మళ్ళీ రేపల్లెలోనే. విడిది సంగతి తాను చూసుకుంటానని, అందులో ఎవరూ తలదూర్చొద్దని అక్కకి తేల్చి చెప్పి, శివపార్వతి ముందుగానే తెనాలిలో రైలెక్కింది. వద్దంటున్నా వినకుండా బసవమ్మ కూడా సంచీ సర్దుకుంది.

"మీకెందుకత్తయ్యా ఈ శ్రమ?"

"విడిది ఎలా ఉండకూడదో నాకంటే తెలిసినవాళ్ళెవరే?" అంది బసవమ్మ, కిటికీ పక్క సీట్లో కూర్చుంటూ.

విడిదిల్లు అక్క వాళ్ళ వీధిలోనే ఉంది. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసి వెళ్ళాక తాళం పడ్డ ఇల్లు. శివపార్వతి వెళ్ళీవెళ్ళగానే మోటారు వేసి చూసింది. పనిచేసింది. నమ్మకం చాలక మళ్ళీ వేసి చూసింది. మంచాలు, ఫ్యాన్లు, గీజరు అన్నీ బాగున్నాయి. పెళ్ళికొడుకు తల్లి వరమ్మగారి కోసం అనుకున్న పెద్ద బాత్రూంలోకి వెళ్ళి షవర్ తిప్పేసరికి మాత్రం ఆమె ప్రాణం ఉసూరుమంది.

రేపల్లె బోరునీళ్ళు గిన్నెలో కాచినా అడుగున సున్నం కడుతుంది. అలాంటి నీళ్ళు ఏళ్ళ తరబడి కారి కారి ఆరిపోతే షవర్ మొహం ఏమవుతుంది? తెల్లగా పెచ్చుకట్టింది. సగం చిల్లులు మూసుకుపోయాయి. మిగిలినవాటిలో ఒకటి నీళ్ళని గోడ మీదికి కొడుతోంది, ఇంకొకటి సరాసరి స్విచ్చిబోర్డు వైపు చూస్తోంది. కింద నిలబడ్డ మనిషి మీద పడేవి చుక్కలే.

వేరే ఆవిడైతే ఇంత కంగారు పడేది కాదేమో. కానీ తాంబూలాలకి వెళ్ళినప్పుడు శివపార్వతి బాపట్లలో వాళ్ళ కొత్తిల్లు చూసింది. ప్రతి బాత్రూంలోనూ కంచమంత షవర్. అలాంటి షవర్ కింద రోజూ స్నానం చేసే మనిషిని తెచ్చి ఈ చుక్కల కింద నిలబెడితే ఇంకేమైనా ఉందా?

ప్లంబర్ వచ్చి పట్టకారుతో పట్టి చూశాడు. అది పైపుతో ఒకటైపోయింది, కదల్లేదు. "గట్టిగా తిప్పితే గోడలో పైపు మలుపు దగ్గర ఎల్బో విరుగుద్దండి. టైల్సు పగలగొట్టాల్సొస్తది. పెళ్ళి పెట్టుకుని ఎందుకులెండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. 

ఇక తనే చూసుకోవాలి. నల్లబడ్డ ఇత్తడి చెంబుకైనా కిలంపట్టిన రాగి బిందెకైనా శివపార్వతికి తెలిసిన మందు ఒక్కటే, చింతపండు. గుప్పెళ్ళకొద్దీ నానబెట్టి, చిక్కగా పిసికి, ఆ గుజ్జు క్యారీబ్యాగులో పోసి, షవర్ అందులో మునిగేలా పైపుకి రబ్బరుబ్యాండ్లతో బిగించింది. దాన్నలా వదిలేసి పడుకుందే గానీ సరిగ్గా నిద్రపట్టలేదు. తెల్లారి విప్పి చూస్తే పైన తళతళలాడుతోంది. సంబరపడి నీళ్ళు తిప్పింది. ఒక్క చుక్క రాలేదు. గుజ్జూ పీచూ పోయి మిగిలిన చిల్లుల్లో కూడా కూరుకుపోయాయి.

శివపార్వతి తడి నేల మీదే కూలబడింది. ఏడుపొక్కటే తక్కువ. గుమ్మంలో నిలబడి బసవమ్మ లోపలికి తొంగిచూసింది.

"పులుపు కావాలి గానీ పులుసు పెడతారటే? నిమ్మ ఉప్పు తెప్పించు. ఉడుకునీళ్ళలో కరిగించి కట్టు. ముందు ఆ పీచు లాగెయ్యి."

"యాసిడ్ పోస్తే ఇంకా తొందరగా పోద్దేమో అత్తయ్యా."

"పోద్ది. దాంతోపాటు పైన మెరుగూ పోద్ది. చెప్పింది చెయ్యి."

స్టూలెక్కి పిన్నీసుతో ఒక్కో చిల్లూ పొడిచి పీచు లాగింది. నిమ్మ ఉప్పు కలిపిన వేడినీళ్ళు సంచిలో పోసి మళ్ళీ కట్టింది. లోపల బుడబుడమని నురగ లేచింది. పొద్దెక్కాక విప్పి, పాత టూత్‌బ్రష్షుతో రుద్ది, గుండె చిక్కబట్టుకుని తిప్పింది. నీళ్ళు జల్లుగా, తిన్నగా పడ్డాయి. చీరంతా తడిసినా అలాగే నిలబడిపోయింది. జీవితంలో ఆమెకింత హాయి అరుదుగా దొరికింది.

కానీ మనసు కుదుటపడితేగా. నీళ్ళు ఆరితేనే తెలుపు మిగిలేది, ఆరకముందే తుడిస్తే మిగలదు అని అత్తగారు చెప్పినప్పటి నుంచి, ఎవరు ఆ షవర్ తిప్పినా వెనకే గుడ్డ పట్టుకుని పరుగెత్తింది. ఎవరూ తిప్పకపోయినా వెళ్ళి తుడిచొచ్చింది. అలా తుడుస్తున్నప్పుడు మూలనున్న నైలాన్ బకెట్ కంట్లో పడింది. దాని నిండా తెల్లటి చారలు, పక్కన అంచు విరిగిన మగ్గు. ఇంత చక్కటి షవర్ పక్కన ఈ దరిద్రం ఎందుకని రెండూ తీసుకెళ్ళి పెరట్లో గోడ పక్కన బోర్లించేసింది.

పెళ్ళివారు దిగే రోజు మధ్యాహ్నం, గోరింటాకు చేతులతో కీర్తన వెతుక్కుంటూ వచ్చింది.

"పిన్నీ, అందరూ ఫోటోలు దిగారు, నువ్వు తప్ప. ఆ షవర్‌నేమన్నా దత్తత తీసుకున్నావా?"

శివపార్వతి గుడ్డ కింద పెట్టింది.

"నీకు తెలీదే. ఎన్నేళ్ళయినా ఆ సోడా మాట వచ్చినప్పుడల్లా, మా నాన్న నా కళ్ళ ముందు తలొంచుకుని నిలబడ్డట్టే ఉంటది. నేను విన్న మాట నువ్వు వినకూడదు. అంతే."

బసవమ్మ వరండాలో కూర్చుని తాంబూలాలకి వక్కలు కత్తిరిస్తోంది. తలుపు తీసే ఉంది. అడకత్తెర చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

సాయంత్రం బాపట్ల బస్సు వచ్చింది. కాఫీలయ్యాయి. ఎదురుకోలుకి ఇంకా వ్యవధి ఉంది, ప్రయాణం చేసిన ఒళ్ళు, స్నానం చేసొస్తానంటూ వరమ్మ పెద్ద బాత్రూంలోకి వెళ్ళింది. శివపార్వతి బయట గోడకి ఆనుకుని నీళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించి నిలబడింది. చప్పుడు రాలేదు. తలుపు ఓరగా తెరుచుకుంది.

"వదినగారూ, బకెట్ ఎక్కడుందండీ?"

"షవర్ ఉందండి వదినగారూ. బాగా వస్తదండి, ఇందాకే చూశాను."

"షవర్లు మా పిల్లల సరదాలెండి. పైనుంచి నీళ్ళు పడితే నాకు తలపోటు. నాకు బకెట్టూ చెంబూ ఉంటే చాలు."

హాల్లో కూర్చున్న బాపట్ల ఆడవాళ్ళలో ఒకావిడ పక్కావిడ వైపు వంగి, "విడిదిలో బకెట్ లేదంట" అంది. పక్కావిడ నవ్వింది. ఆ నవ్వు శివపార్వతికి బాగా తెలుసు. సరిగ్గా ఇలాంటి నవ్వుతోనే తన కథా మొదలైంది. పెరట్లోకి పరుగెత్తాలంటే ఆ నవ్వుల మధ్యలోంచే వెళ్ళాలి.

అంతలో పెరటి గుమ్మంలోంచి బసవమ్మ వచ్చింది. ఒక చేతిలో బకెట్, రెండో చేతిలో స్టీలు చెంబు. బకెట్ అప్పటికప్పుడు కడిగినట్టుంది, అడుగు నుంచి నీళ్ళు కారుతున్నాయి. వంగిపోయిన నడుంతో అందరి మధ్యలోంచీ నడిచి, తలుపు దగ్గర దించింది.

"తప్పు నాదమ్మా వరమ్మా. మా కోడలు పెడతానంటే, షవర్ ఉండగా బకెట్టేంటని నేనే తీయించి పెరట్లో పడేయించాను. ముసలితనం, బుద్ధి గడ్డి తింది."

"అయ్యో, మీరు మొయ్యడమేంటండీ పిన్నిగారూ" అంది వరమ్మ నవ్వుతూ. హాల్లో వాళ్ళూ నవ్వారు. తలుపు మూసుకుంది, పంపు కింద బకెట్ నిండుతున్న చప్పుడు వినిపించింది.

శివపార్వతి అత్తగారిని చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళింది.

"మీరెప్పుడు తీయమన్నారత్తయ్యా?"

"అన్లేదు."

"మరి?"

బసవమ్మ తడిచేతులు కొంగుకి తుడుచుకుంది. "ఆవిడ ఈ మాట చెప్పకుండా ఉండదే. చెప్పే మనిషి ఎలా ఉంటదో నాకు తెలీదా? చెప్పుకోనీ. తెనాలి ముసలావిడ బకెట్ పారేయించిందని చెప్పుకుంటది. అది కీర్తనకి అంటదు."

శివపార్వతి అత్తగారి మీద ఇన్నేళ్ళుగా పేరుకున్న కోపం కోసం లోపల వెతుక్కుంది. ఉంది గానీ, మునుపటంత గట్టిగా లేదు.

చీకటి పడే వేళకి పానకాలిచ్చుకుని ఎదురుకోలు జరిగింది. ఉక్కగా ఉందని నాగజ్యోతి పెద్దవాళ్ళకి సోడాలు పంచుతూ వచ్చి, బసవమ్మ చేతిలోనూ ఒకటి పెట్టింది. చుట్టాలందరూ అలవాటుగా ఆమె వైపు తిరిగారు. శివపార్వతి కూడా అలవాటుగా వంటింటి వైపు లేచింది.

బసవమ్మ సోడా మొత్తం తాగి, సీసా నాగజ్యోతికి తిరిగిచ్చింది.

"చల్లగా ఉందమ్మా. మా పార్వతికి కూడా ఒకటివ్వు, పొద్దుట్నుంచీ నిలబడే ఉంది."