మూడుంబావు పిలుపు

నా భార్య చావుకి కారణం మా బావమరిది. ఇందులో వాదించడానికేమీ లేదు.

వాడు ఆస్పత్రిలో మెయిళ్ళు పంపే మిషన్ చూసుకుంటాడు. నా భార్య కిడ్నీ కోసం అక్కడే వరసలో ఉంది. కిడ్నీ దొరికితే కబురు మెయిల్లోనే వస్తుంది. రెండు గంటల్లో జవాబివ్వకపోతే వరసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తారు. సరిగ్గా ఆ నెలలోనే వాడు పాత మిషన్ తీసేసి, కొత్త రకం ఇంటర్నెట్ చిరునామాతో కొత్తది పెట్టాడు. చిరునామా అంటే ఒక పొడుగాటి అంకె. ఆ అంకె ఎవరిదని అవతలివాళ్ళు ఆరా తీస్తే ఆస్పత్రి పేరు చెప్పేలా నమోదు చేయించాలి. వీడు చేయించలేదు. తన బల్ల దగ్గర కూర్చుని తనకే ఒక మెయిల్ పంపుకుని, అందింది కదా అని చేతులు దులుపుకున్నాడు.

బయటివాళ్ళకి అది ఊరూ పేరూ లేని మిషన్. మాకొచ్చిన పిలుపు స్పామ్‌లో పడింది. పదకొండు రోజుల తర్వాత చూశాను. బట్టతల మందుకీ పెళ్ళి సంబంధాలకీ మధ్య ఉంది. అప్పటికి ఆమె పోయి రెండు రోజులు.

అప్పుడు నమోదు చేయించాడు. మర్నాటి నుంచి రోజూ మధ్యాహ్నం మూడుంబావుకి ఆమె పేరుతో పిలుపు, నేరుగా ఇన్‌బాక్స్‌లోకే. "కిడ్నీ సిద్ధంగా ఉంది. వస్తున్నారా?"

నలభై రోజులు చూసి వాణ్ణి పిలిపించాను. వంటగదిలో ఆమె స్టూలు మీద కూర్చోబోయి, మళ్ళీ నిలబడ్డాడు.

"జవాబు రాకపోతే, కిడ్నీ వేరేవాళ్ళకి వెళ్ళినా, అది అడుగుతూనే ఉంటుంది బావా. రావడం లేదని జవాబు కొట్టెయ్, ఆగిపోతుంది."

"బతికుండగా చేర్చలేనిది ఇప్పుడు బాగా చేరుస్తోందిరా నీ మిషన్. శభాష్."

"నన్ను తిట్టు, పడతాను. అక్క పేరు రోజూ అలా చూడకు."

ఆ ఒక్క మాట కొట్టడానికే నాకు చేతులు రాలేదు ఇన్నాళ్ళూ. కొడితే నేనే ఆమెను వెళ్ళద్దని ఆపినట్టు. వాడి ఎదుటే కొట్టాను: "ఆమె రాదు."

నిమిషంలోపే జవాబొచ్చింది.

"వచ్చారు. లోపల కూర్చోబెట్టాం. మీరు రానక్కర్లేదు."

ఆ మెయిల్ ఏ మిషన్ నుంచి వచ్చిందో చెప్పే వరసలు తెరిచాడు వాడు. వేలు ఒక అంకె దగ్గర ఆగిపోయింది.

"ఏంట్రా?"

"పాత మిషన్ బావా."

"అయితే?"

"నేనే ఊడదీశాను. మా ఇంట్లో మంచం కింద ఉంది. దానికి వైరు కూడా లేదు."

మర్నాడు మూడుంబావుకి ఏమీ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. రోజూ స్పామ్ కూడా వెతుకుతున్నాను.

బావమరిది రెండుసార్లు వచ్చి తలుపు కొట్టాడు. తియ్యలేదు. వాడికే కాదు, ఈ సంగతి ఇక ఎవరడిగినా నేను నోరు విప్పను.