ముందు వరుస

"నడుం దగ్గర ఇంకాస్త లోపలికి కుట్టవే. ఆ మందుల షాపతను పుల్లలా ఉంటాడు," అంది అత్తగారు మంచం మీద నుంచి.

కోడలు కోటు తిరగేసింది. భర్త నాటకాల్లో వేసుకున్న కోటు. మెడ వెనక చెమటకు రంగు తేలిపోయిన మరక ఒకటి ఎన్నిసార్లు ఉతికినా పోలేదు. హాల్లో కూర్చునేవాళ్ళకు ఆ మరక సంగతి తెలియదు. తెర పక్కన నిలబడే మనిషికే తెలుస్తుంది. కుట్టు విప్పుతూ, ఏడుపు వస్తుందేమోనని కాసేపు ఆగి చూసుకుంది. రాలేదు. ఆయన పోయినప్పటి నుంచీ ఇదొక అలవాటైపోయింది. ఏ పని చేస్తున్నా మధ్యలో ఆగి, వస్తుందేమోనని చూసుకోవడం.

ఆదివారం సాయంత్రం పేట కళాసమితి వాళ్ళు ఆయన జ్ఞాపకార్థం కార్యక్రమం పెట్టారు. కమ్యూనిటీ హాలు వరండాలో పిల్లలు వేసిన బొమ్మలు, లోపల కాసేపు పాటలు, ఆ తరవాత ఆయనకు పేరు తెచ్చిన నాటకం. ఎప్పుడో ఇల్లు వదిలి వెళ్ళిపోయిన తండ్రి ముసలితనంలో తిరిగొచ్చి కూతురి తలుపు తట్టే కథ. ఆ తండ్రి వేషం ఈసారి వీధి చివర మందుల షాపు యజమానిది.

సమితి సెక్రటరీ గారు గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టారు. "అంతా సిద్ధమమ్మా. మైకతను వస్తున్నాడు, కుర్చీలతను వస్తున్నాడు. నువ్వు మామూలుగా తెర పక్కన నిలబడి, మరిచిపోయినవాళ్ళకు మాట అందిస్తే చాలు. నాటకం దాని మానాన అదే నడిచిపోతుంది."

"ఈసారి నేను ముందు కూర్చుంటానండి."

ఆ మాట అనాలని ఆమె అనుకోలేదు. సూది కోటులోనే ఉండిపోయింది.

"ముందంటే?"

"హాల్లో. కుర్చీలో."

సెక్రటరీ గారు నవ్వారు. "బాగానే ఉంది. మరి అందించేదెవరు? నేనా? సాయంత్రమైతే నా కళ్ళకి అక్షరాలు చీమల్లా పాకుతాయి తల్లీ."

"ఎవరో ఒకరు అందిస్తారు."

"వాడి పేరు మీద నాటకమేస్తుంటే, పెళ్ళాం కాలు మీద కాలేసుకుని కూర్చుందిట అనుకోరూ నలుగురూ?" అంది అత్తగారు.

"అనుకోనీండి అత్తయ్యా."

ఎందుకు కూర్చోవాలనుకుంటున్నదో ఇద్దరిలో ఒక్కరైనా అడిగి ఉంటే ఏం చెప్పేదో ఆమెకు తెలియదు. పెళ్ళయిన కొత్తల్లో ఒకసారి అందించేవాడు రాకపోతే, "నువ్వు బడిలో పిల్లలకు డిక్టేషన్ చెబుతావుగా, అంతే ఇదీ," అని ఆయన పుస్తకం చేతికిచ్చి తెర పక్కన నిలబెట్టాడు. అలా నిలబడ్డది నిలబడ్డట్టే ఉండిపోయింది. రిహార్సల్ రోజుల్లో బడి నుంచి వస్తూనే అందరికీ టీ పెట్టడం, గ్లాసులు కడగడం, దుస్తులు ఇస్త్రీ చేయడం, నాటకమయ్యాక వాటిని ట్రంకు పెట్టెలో సర్దడం కూడా ఆ అందించడంలో భాగమే అయిపోయాయి. తెర పక్క నుంచి ఆమెకు కనిపించేది ఆయన వీపు, కుడి చెవి, దాని కింద పుట్టుమచ్చ. మాట మరిచిపోతే ఆయన తల కొద్దిగా ఆ చెవి వైపు వంచేవాడు. అది గుర్తు. అప్పుడు ఆమె గుసగుసగా మాట అందించేది. ఆయన కాసేపు ఆగి, అదే మాటను గంభీరంగా పలికేవాడు. ఆ ఆగడానికే పేటంతా పేరు. "మాటకు ముందు ఆ మౌనం ఉంది చూశారూ, అది ఒకరు నేర్పితే వచ్చేది కాదు టీచరు గారూ," అని బడిలో హెడ్మాస్టరు గారు కూడా అన్నారు. ఆమె అవునండీ అంది. ఇంటికొచ్చాక ఆయన మాత్రం షర్టు గుండీలు విప్పుకుంటూ, "రెండో రంగంలో ఆలస్యం చేశావు. నిద్రపోయావా ఏమిటి?" అనేవాడు. బాగా అందించావని ఒక్కసారైనా అన్నాడా? అన్నాడేమో, తనే మరిచిపోయిందేమో. ఇంట్లో ఆయన ముఖం పేపరు వెనక ఉండేది, లేదా నిద్రలో ఉండేది. జనం చూసి కళ్ళు తుడుచుకున్న ముఖమేదో ఆమె ఎన్నడూ చూడలేదు. ఇప్పుడు పరామర్శకు వచ్చినవాళ్ళందరూ ఆ ముఖాన్నే తలుచుకుని ఏడుస్తున్నారు. తనకు తెలియని మనిషి కోసం తన ఇంట్లో ఏడుస్తున్నట్టుంది. పోయినవాడు ఎవరో తేలకుండా తను ఎవరి కోసం ఏడవాలి?

ఆదివారం ఆమె అత్తగారి చేయి పట్టుకుని నడిపించుకొచ్చి ముందు వరుసలో కూర్చోబెట్టి, పక్కనే కూర్చుంది. ఎదురుగా, ఇంత వెలుతురులో స్టేజీ వేరేలా ఉంది. గోడగా నిలబెట్టిన అట్ట నిజంగా గోడలాగే ఉంది. వెనక నుంచి చూస్తే దానికి కొట్టిన మేకులూ, పాత కేలండరు కాగితాలూ కనబడేవి. పాటలయ్యాయి. వక్తలు ఆయన మౌనాన్ని పొగిడారు. అయిష్టంగానే పుస్తకం పట్టుకుని సెక్రటరీ గారు తెర పక్కకు వెళ్ళారు.

నాటకం బాగానే సాగింది. తండ్రి తలుపు తట్టాడు. కూతురు తీసింది. "ఇప్పుడు గుర్తొచ్చామా మేము?" అని అడిగింది. మందుల షాపతను నోరు తెరిచాడు. మాట రాలేదు. తల కొద్దిగా పక్కకు వంచాడు. తెర వెనక కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు.

హాలు ఊపిరి బిగబట్టింది. వెనక వరుసలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

ఆమె అతని ముఖాన్నే చూస్తోంది. ఇదా వీళ్ళు చూసింది? కనుబొమలు కొంచెం పైకి లేచి, పెదవులు విడివడి, ఎవరైనా ఏదైనా చెబితే బాగుండునని ఎదురు చూసే ముఖం. ఈ ముఖం తనకు తెలుసు. ఆసుపత్రిలో ఆఖరి సాయంత్రం ఆయన ఇలాగే చూశాడు. మాట కోసం చూస్తున్నాడని అర్థమైంది గానీ, ఏ మాటో ఆమెకు తెలియలేదు. అందించడానికి చేతిలో పుస్తకం లేదు. "నీళ్ళు కావాలా?" అని అడిగింది. ఆయన కళ్ళు మూసుకున్నాడు. కావాలనో వద్దనో ఇప్పటికీ తెలియదు.

సెక్రటరీ గారు తెర పక్క నుంచి తల బయటపెట్టి ఆమెకు చేత్తో సైగ చేశారు. పేజీ దొరకలేదు. ఆ మాట ఆమె నోట్లోనే ఉంది. నోరు మెదపలేదు. ఎందుకు మెదపలేదో ఆమెకే తెలియలేదు.

"గుర్తు... గుర్తు లేకేం తల్లీ," అన్నాడు మందుల షాపతను ఎలాగో, గొంతు వణుకుతుంటే. పుస్తకంలో ఆ మాట లేదు. జనం చప్పట్లు కొట్టారు.

"వీడూ మా వాడిలాగే ఆగాడు," అంది అత్తగారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ.

ఆమె అత్తగారి చెవి దగ్గరికి వంగింది. "ఆయన ఆగింది కాదత్తయ్యా," అంది మెల్లిగా. "మరిచిపోయేవారు. ప్రతిసారీ. నేను అందించేదాన్ని."

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నీ గొంతు ఇక్కడిదాకా వినబడేదే. ముందు వరుసలో అందరికీ వినబడేది. నువ్వు ఒకసారి అనేదానివి, తరవాత వాడు అనేవాడు."

ఆమె అత్తగారి వైపు తిరిగింది. ముసలావిడ స్టేజీ మీద నుంచి చూపు తిప్పలేదు.

"ఒక్కనాడూ చెప్పలేదేం?"

"చెబితే ఏమయ్యేది? వాడు నాటకాలు మానేసేవాడు. లేదా నిన్ను మాన్పించేవాడు." కొంగు మళ్ళీ కళ్ళకు ఒత్తుకుంటూ అంది, "నీ మాట విన్నప్పుడే నాకు ఏడుపొచ్చేది. వాడు అనేసరికి అయిపోయేది."

ఆమె వెనక వరుసల వైపు తిరిగి చూసింది. వీళ్ళకు తెలుసా? వక్తలకు, హెడ్మాస్టరు గారికి, చప్పట్లు కొట్టినవాళ్ళకు, అందరికీ? తెలిసే ఆ మౌనాన్ని పొగిడారా? ఇన్నేళ్ళూ తను గుసగుస అనుకున్నది గుసగుసే కాదా? ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో, అసలు తెచ్చుకోవాలో వద్దో తేలలేదు. చెంపలు తడిగా ఉన్నాయని చేయి తగిలాక గానీ తెలియలేదు. ఆ ఏడుపు ఆయన కోసమేనా?

స్టేజీ మీద కూతురు పక్కకు తప్పుకుని తండ్రిని లోపలికి రమ్మంది. నాటకంలో ఆఖరి మాట తండ్రిది. మందుల షాపతను గుమ్మంలో మళ్ళీ ఆగిపోయాడు. సెక్రటరీ గారు ఇంకా కాగితాల్లోనే ఉన్నారు. జనం మళ్ళీ ఊపిరి బిగబట్టారు.

ఆమె లేచి నిలబడింది. గొంతు తగ్గించకుండా ఆ మాట తనే అంది.