ఎర్ర గడిలో ఒకటి

బస్సుల కంపెనీ టికెట్ల విభాగంలో ఆమెను అందరూ అక్క అనే పిలుస్తారు. కంప్యూటర్లలోని సమాచారానికి రోజూ నకలు తీసి భద్రపరచడం పద్దెనిమిదేళ్లుగా ఆమె పని. సర్వర్ గది తలుపు పక్కనే ఆమె బల్ల. లోపలి ఫ్యాన్ల హోరులో కాస్త తేడా వచ్చినా చేస్తున్న పని ఆపి చెవి పెడుతుంది.

ఒక సోమవారం శిక్షణాధికారిణి అందరికీ ఒక పట్టిక పంచింది. అందులో ముప్పై రెండు నైపుణ్యాలు. ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా స్థాయిలు.

"ఎవరి స్థాయి వాళ్లే వేసుకోండి. ఇది పరీక్షేం కాదు. ఎక్కడ లోటుందో తెలిస్తే అక్కడే శిక్షణ ఇప్పిస్తాం," అంది.

మూడో స్థాయి దగ్గర అక్క పెన్ను ఆగిపోయింది. 'సంక్లిష్ట పరిస్థితుల్లో సొంతంగా నిర్ణయం తీసుకోగలరు' అని ఉందక్కడ. కిందటేడు ఒక ఉదయం టికెట్ కౌంటర్లన్నీ ఒక్కసారిగా నిలిచిపోతే కారణం పట్టుకున్నది తనే. అయితే పది నిమిషాల్లో పట్టుకుంది. పది నిమిషాల్లో తేలిపోయినదాన్ని సంక్లిష్టం అనొచ్చా? నిజంగా సంక్లిష్టమే అయితే తనకెందుకు కష్టమనిపించలేదు?

పక్క బల్ల ప్రోగ్రామర్ అప్పటికే నింపేశాడు. కొత్తగా ఏది వచ్చినా ముందు అతని నోటే వినబడుతుంది కాబట్టి ఆఫీసులో అతని పేరు రేడియో.

"నువ్వెంతేసుకున్నావ్?" అని అడిగింది.

"అన్నీ నాలుగులే అక్కా. ఐదేస్తే గొప్పలు పోతున్నాడంటారు."

ఆ సాయంత్రం పట్టికను ఇంటికి తీసుకెళ్లి ఆడబిడ్డ ముందు పెట్టింది. ఆమె ఆసుపత్రిలో నర్సు.

"మాకిది ఏటా ఉండేదే వదినా," అంది ఆడబిడ్డ. "కాకపోతే మేం అంకెలేసుకోం. సూది గుచ్చుతుంటే పక్కన నిలబడి చూసి పైవాళ్లే వేస్తారు."

"నా పక్కన నిలబడితే ఏం కనబడుతుందే? అన్నీ సరిగ్గా ఉన్నన్నాళ్లూ నేను ఖాళీగా కూర్చున్నట్టే ఉంటుంది."

"అయితే ఏం తెలుసో కాదు, ఏం చేశావో చూసుకుని వెయ్యి."

ఆ మాటతో ఉన్న గందరగోళం రెట్టింపయింది. ఏవి చేసింది, ఏవి చూసింది, ఏవి వింది అని మల్లగుల్లాలు పడి, చివరికి విసుగొచ్చి ఒకట్లూ రెళ్లూ వేసేసింది. 'నకలు నుంచి సమాచారాన్ని తిరిగి రప్పించడం' అన్నచోట కూడా ఒకటే పడింది. అక్కడ ఆలోచించనైనా లేదు.

వారం తిరిగేసరికి ఫలితాలు రంగుల పట్టికగా వచ్చాయి. రేడియో వరుస పచ్చగా ఉంది. అక్క వరుస ఈ చివర నుంచి ఆ చివరకు ఎరుపు. విభాగం అధిపతి కళ్లజోడు మీదుగా ఓసారి ఆమె వైపు చూశాడు. ఆ చూపు జాలో, అనుమానమో ఆమెకు అంతుపట్టలేదు.

బుధవారం ఆమెను కొత్తవాళ్ల తరగతికి పంపారు. బోధించేవాడు అడిగిన ప్రతిదానికీ ఆమె దగ్గర జవాబుంది. మధ్యాహ్నానికి అతను కూడా అయోమయంలో పడ్డాడు.

"మిమ్మల్ని ఈ తరగతికి ఎందుకు పంపారండీ?"

"నేనే ఒకట్లు వేసుకున్నానండీ."

"సరే, మీ ఆఫీసు సంగతే చెప్పండి. తీసిన నకలు చివరిసారి ఎప్పుడు తెరిచి చూశారు?"

అక్క రోజూ నకలు తీసింది. తెర మీద 'పూర్తయింది' అన్న ఆకుపచ్చ గుర్తు చూసింది. తెరవడం మాత్రం ఒక్కసారీ జరగలేదు. తెరవమని అడిగినవాళ్లూ లేరు.

మర్నాడు ఉదయం ఒక ఖాళీ యంత్రంలో కిందటి రోజు నకలు తెరిచింది. టికెట్ల పట్టికల పేర్లన్నీ ఉన్నాయి. లోపల ఒక్క వరుసా లేదు. అంతకు ముందు రోజుదీ అంతే. వెనక్కి వెళ్లగా వెళ్లగా తేలిందేమిటంటే, నాలుగు నెలల కిందట డిస్కు మార్చిన రోజు నుంచీ సమాచారం లేని ఏదో ఖాళీ చోటు నుంచి యంత్రం నకలు తీస్తోంది.

రేడియో కుర్చీ ఇటు జరిపి తెర చూశాడు.

"సైజు చూడలేదా అక్కా?"

"పచ్చగా ఉంటే చాలనుకున్నాను."

చోటు సరిచేయడం రెండు నిమిషాల పని. ఆ నాలుగు నెలల్లో ఏదీ పోలేదు కాబట్టి ఎవరికీ తెలిసే దారి లేదు. రేడియో కూడా గొంతు తగ్గించి, "సరిచేసెయ్, నేనేం చూడలేదు," అన్నాడు. ఆమె సరిచేసింది, కొత్త నకలు తీసింది, తెరిచి చూసుకుంది. తర్వాత లేచి శిక్షణాధికారిణి గదికి వెళ్లి జరిగిందంతా చెప్పింది.

అధికారిణి రంగుల పట్టిక తీసి అక్క వరుస మీద వేలు పెట్టింది.

"తిరిగి రప్పించడంలో మీకు ఒకటి వెయ్యడమే న్యాయం. కానీ ప్రమాదాన్ని కనిపెట్టి పైవాళ్లకు తెలియజేయడం నాలుగో స్థాయి. రెండూ ఒకే తప్పుకు ఎలా వెయ్యను?"

"నన్నడిగితే ఏం చెప్పనండీ? వేసుకోమంటేనే నాకు చేతకాలేదు."

"నాకూ చేతకావడం లేదు," అందామె.

తర్వాతి నెలలో అధికారిణి ఎవరికి వాళ్లు వేసుకున్న అంకెలను పక్కన పెట్టి, ఒక్కొక్కరి దగ్గర పూట పూటంతా కూర్చుంది. నకలు ఎక్కడుంటుందో చూపించమంటే రేడియో కాసేపు వెతికి, దొరక్క, తనే పెన్ను తీసుకుని నాలుగును రెండు చేసుకున్నాడు. రోజూ భోజనాలయ్యాక ఒక గంట అక్క దగ్గర అతను సర్వర్ల బాగోగులు చూడడం నేర్చుకోవాలని, నకళ్లను పరీక్షించే ప్రోగ్రాం రాయడం అతను అక్కకు నేర్పాలని ఏర్పాటైంది.

అక్క కొత్త వరుసలో ఇప్పుడు మూడు చోట్ల నాలుగులు, బోలెడు మూళ్లు, ఒకే ఒక ఒకటి ఉన్నాయి. నాలుగులను చూస్తే ఇంకెవరి కాగితమో చేతికొచ్చినట్టుంది. ఆ ఒకటి మాత్రం తనదేనని గట్టిగా తెలుసు. మెచ్చుకున్నారో, మందలించారో తేల్చుకోలేక కాగితాన్ని సొరుగులో పెట్టి, ఆ రోజు నకలు తెరిచి వరుసలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.