స్టేడియం నుంచి వచ్చిన పెట్టె

శవపెట్టె మీద రామ్‌సింగ్ పేరు తప్పుగా రాశారు. గల్ఫ్‌లో ప్రపంచకప్ ఫుట్‌బాల్‌కు కడుతున్న స్టేడియంలో అతను ఇనుప రాడ్లు కట్టేవాడు. వయసు ముప్పై మూడు. పెట్టెతో వచ్చిన కాగితంలో 'సహజ మరణం' అని ఉంది.

కబురందగానే కొత్తగూడెం బొగ్గుగనుల యూనియన్ తరఫున నేను ఏన్కూరు దగ్గరి ఆ తండాకు వెళ్లాను. గనుల్లో పోయినవాళ్లను ఎందరినో మోసిన భుజాలివి. ఏడ్చే ఓపిక కూడా మిగల్లేదు.

పెట్టెతో పాటు వచ్చిన దేవ్లా, అక్కడ రామ్‌సింగ్ ఉన్న కూలీల క్యాంపులోనే ఉండేవాడు.

"ఎట్లయింది తమ్మీ?" అని అడిగాను.

"మ్యాచులకు టైం లేదని పగటి రెస్ట్ బంద్ వెట్టిండ్రన్నా. కండ్లు తిరుగుతున్నయంటే ఫోర్‌మన్ ఇనలే. ఎండలనే కూలిండు. దవాఖానకు జల్దీ తీస్కపొమ్మని కాళ్లు మొక్కిన."

గల్ఫ్‌కు మనుషుల్ని పంపే ఏజెంటు జగదీష్ కారు దిగి, రామ్‌సింగ్ భార్య పూలి ముందు ఒక కాగితం పెట్టాడు.

"వేలిముద్ర వెయ్యి చెల్లే. మట్టి చేసుకోండ్రి."

నేను చదివి చెప్పాను: చావు మీద ఎలాంటి ఫిర్యాదూ లేదని అందులో ఉంది.

పూలి తలెత్తింది. "ఎండల నిలవెట్టి సంపిండ్రని రాయి. అప్పుడేస్త."

జగదీష్ మగవాళ్ల వైపు తిరిగాడు. "ఎల్లుండే మీ ఇరవై మంది ఫ్లైట్. లొల్లి చేస్తే వీసాలు పోతయ్."

 ఆ ఇరవై మందిలో ఒకడైన కోటేష్ అన్నాడు: "పోకుంటే ఏం తింటం వదినా?"

పూలి లేచి పెట్టెకు ఒక పక్క చేయి వేసి ఎత్తబోయింది. లేవలేదు. ఇంకో నలుగురు ఆడవాళ్లు వచ్చి పట్టారు. వాళ్లు రోడ్డెక్కేసరికి మగవాళ్లూ భుజం కలిపారు.

ఏన్కూరు సెంటర్లో జగదీష్ ఆఫీసు ముందు పెట్టె దించాం. పోలీసులు దేవ్లా సాక్ష్యం రాసుకుని కేసు పెట్టేదాకా కదలబోమన్నాం. వాళ్లు వచ్చి దేవ్లానే జీపులో వేశారు.

"వీడే మిమ్ముల రెచ్చగొట్టిండు" అన్నాడు ఎస్సై.

కోటేష్ జీపుకు అడ్డంగా నిలబడ్డాడు. 

"నా పేరు గూడ రాసుకో సార్. ఎల్లుండి గల్ఫ్‌కు పోయేటోన్ని నేను. జీపు నేను గూడ ఎక్కుత."

అతని వెనక ఒక్కొక్కరే ఎక్కారు. జీపు నిండింది. మిగిలినవాళ్లు చక్రాల ముందు కూర్చున్నారు.

ఎస్సై పూలిని గద్దించాడు. "శవాన్ని ఎంతసేపు ఉంచుతవ్?"

"సాక్షిని కిందికి దింపు. ఆడు చెప్పేది రాసుకో" అంది పూలి, పెట్టెకు వీపు ఆనించి.

అందరం అలసిపోయాం. అయినా ఎవరూ లేవలేదు.