కటరా గదిలో నా పేరు

నా నోరు మంచిది కాదని మా అమ్మ దగ్గర్నుంచి మా బ్యాంకు మేనేజరు దాకా అందరూ చెప్పారు. అలా చెప్పి ఊరుకోకుండా దానికో పేరు కూడా పెట్టినవారు ఒక్క ఖరే మాస్టర్‌జీయే.

అలహాబాదులో కటరా బజారు వెనక సందులో, ఒక దర్జీ కొట్టు మీద ఉండేది ఆయన గది. మేమంతా హిందీ మీడియం సరుకు. ప్రతాప్‌గఢ్ నుంచీ జౌన్‌పూర్ నుంచీ వచ్చి, ఏదో ఒక ఉద్యోగ పరీక్ష గట్టెక్కాలని అద్దె గదుల్లో పడి ఉండేవాళ్ళం. చరిత్ర కంఠతా వచ్చు, లెక్కలంటే భయం లేదు. ఇంగ్లీషు మాట కనబడితే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడేవి కావు. పక్క సందులోని కోచింగుల వాళ్ళు మాటలకి అర్థాలు అచ్చేసి చేతిలో పెట్టి బట్టీ పట్టమనేవారు. మాస్టర్‌జీకి ఆ పద్ధతంటే గిట్టదు.

"ఈ ఇంగ్లీషు మాటలు పరాయివాళ్ళు కారర్రా," అనేవారు. "మన నావా, వాళ్ళ నేవీ ఒక తల్లి పిల్లలే. మన దంతమూ వాళ్ళ డెంటిస్టూ కూడా అంతే. ఎప్పుడో కుంభమేళాలో చెయ్యి జారి తప్పిపోయారు. వెతికి ఇంటికి తీసుకురావడమే మన పని."

ఆ గదిలో చేరిన ప్రతివాళ్ళకీ మొదటి రోజే ఆయన ఒక ఇంగ్లీషు మాట అంటగట్టేవారు. ఇక అదే వాళ్ళ పేరు. దాని అర్థం, అది పుట్టిన ఊరు, దాని చుట్టపక్కాలు, ఎప్పుడడిగినా గుక్క తిప్పుకోకుండా చెప్పాలి. దీనబంధు గట్టిగా గాలి వీస్తే ఎగిరిపోయేలా ఉండేవాడు కాబట్టి వాడికి మజిల్ అని పెట్టారు. పూర్వం లాటిన్ వాళ్ళకి, చర్మం కింద కదిలే కండ చిట్టెలుకలా కనబడిందట. ఆ చిట్టెలుకే మజిల్. ఎవరు టిఫిన్ డబ్బా తెరిచినా ఇర్షాద్ అక్కడ ప్రత్యక్షమయ్యేవాడు. వాడు కంపానియన్, అంటే కలిసి రొట్టె తినేవాడు.

నేను చేరిన రోజు మెట్ల కింద దర్జీతో తగవు పడి మరీ పైకెక్కాను. మెట్లకి అడ్డంగా సైకిలు పెట్టి, తీయమంటే నవ్వాడు మరి. రొప్పుతూ వెళ్ళి నా పేరు మృదులా అస్థానా అని చెప్పాను. మాస్టర్‌జీ కళ్ళజోడు మీదుగా నన్ను ఎగాదిగా చూశారు.

"మృదులా? ఈ పేరు పెట్టినవాళ్ళు నీ గొంతు విన్నారా అమ్మా?"

గదంతా గొల్లుమంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన తాపీగా నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టి, ఈవిడ పేరు డిజాస్టర్ అన్నారు. నక్షత్రం కన్నెర్ర చేస్తే వచ్చిపడే ఉపద్రవమట. అందులో ఉన్న ఆస్టర్‌కి మన తారా, సితారా చుట్టాలట. కోపం తీసేస్తే మిగిలేది నక్షత్రమేనని కూడా అన్నారు గానీ, ఒళ్ళు మండిపోతున్నప్పుడు అది నా బుర్రకెక్కలేదు.

ఆ తర్వాత ఆయన నోట నా పేరు నేను వినలేదు. గొంతు లేచినప్పుడల్లా "డిజాస్టర్, మెల్లగా" అనేవారు. నాకు బ్యాంకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా, డిజాస్టర్ కొట్టేసిందయ్యా అని మెట్ల మీంచి దర్జీకి కేకేసి చెప్పారు. సంతోషంలోనూ నాకు చివుక్కుమంది. ఈయనకి నా పేరు గుర్తే లేదు, ఆ మొదటి రోజే మరిచిపోయారు అనుకున్నాను. మా నాన్న పోయాక తండ్రిలా చూసుకున్న మనిషి ఆయన. నా పేరు పెట్టి ఒక్కసారైనా పిలిస్తే బావుండునని ఎంత ఉండేదో నాకు.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, ఆ రోజులు మళ్ళీ రావు. చలికాలంలో ఎర్రటి జామకాయలు కోసి నల్లుప్పు చల్లి తెచ్చేది మాస్టర్‌జీ భార్య. ఆవిణ్ణి మేం చాచీ అనేవాళ్ళం. ఆదివారాలు బఠాణీలు, బంగాళాదుంపలు వేసి పసుప్పచ్చగా తహరీ అన్నం వండేది. పళ్ళేల మీద పడి తింటూనే మాటల పుట్టుపూర్వోత్తరాల మీద కొట్టుకునేవాళ్ళం. ఇప్పటికీ ఎక్కడైనా ఆ అన్నం వాసన తగిలితే నాకు ఆ గదే కళ్ళకి కడుతుంది.

చాలా ఏళ్ళ తర్వాత, నా జుట్టు నెరిసే వేళకి చాచీ ఫోన్ చేసింది. మాస్టర్‌జీకి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యీ, మాటా రెండూ పోయాయి. మాట ఈ కొద్ది నెలల్లో వస్తే వచ్చినట్టు, లేకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దని డాక్టరు చెప్పాడట.

"ఒక్క మాట చాలు తల్లీ," అంది చాచీ. "నన్ను తిట్టినా సరే."

పాతవాళ్ళమంతా పరుగెత్తాం. అదే గది, అదే నల్లబల్ల, దాని కింద మంచం. మాటలు పోయిన మనిషికి మాటలే మందని ఇర్షాద్ తీర్మానించాడు. ఆయన నేర్పిన దారిలోనే ఆయన్ని వెనక్కి తీసుకురావాలన్నాడు. మాకెవరికీ అందులో తప్పు కనబడలేదు. ఇంగ్లీషు రావడమంటే అన్నీ రావడమే అనుకుంటూ పెరిగినవాళ్ళం కదా. ఒకడు నావ, నేవీ అన్నాడు. ఇంకొకడు దంతం, డెంటిస్టు అన్నాడు. ఇప్పుడు పెద్ద పొట్టతో పెద్ద అధికారి అయిన దీనబంధు, మంచం మీదికి వంగి, నేనెవరో చెప్పండి మాస్టర్‌జీ, చిట్టెలుక, చిట్టెలుక అని పదే పదే అడిగాడు.

ఆయన పెదవులు కదిలేవి. గొంతులోంచి ఏదో మూలుగు వచ్చి ఆగిపోయేది. అందరం ఆశగా ముందుకి వంగేవాళ్ళం. కాసేపటికి ఆయన మొహం గోడవైపు తిప్పుకున్నారు. కంటి చివర నీళ్ళు. మా అందరి ముందూ ఆయన పరీక్ష తప్పుతున్నారు. చాచీ గుమ్మంలో తహరీ పళ్ళెం పట్టుకుని నిలబడి చూస్తోంది.

నాకు ఆగలేదు.

"ఆపండిరా," అని అరిచాను. "మేళాలో తప్పిపోయిన మనిషిని కూర్చోబెట్టి డిక్షనరీ అప్పజెప్పమంటారట్రా ఎవరైనా? అన్నం తిన్నావా అని అడగాలి, ఎవరింటి బిడ్డవని అడగాలి. ఆయన మీకు జీవితమంతా పెట్టారు, మీరేమో ఆయన్ని ఏడిపిస్తున్నారు. పొండి కిందకి, అందరూ పొండి."

ఇంకా చాలా అన్నాను. కింద కుట్టుమిషను ఆగిపోయిందని తర్వాత చెప్పారు. దీనబంధు వైపు వేలు చూపించి మళ్ళీ మొదలుపెట్టబోతుంటే, వెనక మంచం మీంచి వినబడింది.

"మృదులా."

అందరం అటు తిరిగాం. ఆయన గోడవైపు నుంచి మొహం ఇటు తిప్పారు. సగం మొహమే కదులుతోంది.

"మె... ల్లగా."

పళ్ళెం కింద పెట్టి చాచీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను నేల మీద కూలబడి, ఆయన పనికిరాని చెయ్యి పట్టుకుని, మెల్లగా మాత్రం కాదు, వెక్కి వెక్కి ఏడ్చాను. అన్నాళ్ళూ నా పేరు ఆయన దగ్గర భద్రంగానే ఉంది.

తర్వాత మాట కొద్దికొద్దిగా వచ్చింది. తహరీలో ఉప్పు తక్కువైందని చాచీ మీద విసుక్కునేటంతగా వచ్చింది. ఇంగ్లీషు మాత్రం ఒక్క ముక్క తిరిగి రాలేదు. నేను వెళ్ళినప్పుడల్లా మృదులా అనే పిలిచేవారు. ఎన్నేళ్ళు ఎదురుచూశానో ఆ పిలుపు కోసం! తీరా అది దొరికాక రెండో పేరు కోసం ప్రాణం కొట్టుకునేది.

ఒక సాయంత్రం ఉండబట్టలేక, డిజాస్టర్ అంటే ఏమిటి మాస్టర్‌జీ అని అడిగాను. ఆయన తెలియదన్నట్టు తల ఊపారు. నేను లేచి నల్లబల్ల మీద సుద్దముక్కతో ఒక చుక్క పెట్టాను. నక్షత్రం సంగతీ, తారా సితారల చుట్టరికం సంగతీ, కోపం తీసేస్తే మిగిలేదేమిటో ఆ సంగతీ చెప్పాను. కొత్తగా చేరిన కుర్రాడిలా శ్రద్ధగా విన్నారు.

"బావుందే," అన్నారు. "ఎవరు నేర్పారమ్మా నీకు?"

మా మాస్టర్‌జీ నేర్పారని చెప్పాను, మెల్లగానే.