పైడితల్లి నడిచిన నేల

నేను ఒక కంపనమాపకాన్ని. అరచేతిలో ఇమిడే ఇనుప డబ్బాను. లోపల స్ప్రింగుకు వేలాడే రాగితీగ చుట్ట, దాని నడుమ ఒక అయస్కాంతం. నేల వెంట్రుకవాసి కదిలినా కంప్యూటరులో నా గీత వణుకుతుంది.

మొదట నన్ను ఒక వంతెనల ఇంజినీరు కొన్నాడు. పదేళ్ళు లారీల బరువుకు అదిరాను. ఆయన రిటైరవుతూ నన్ను శిష్యురాలు హేమనళినికి ఇచ్చాడు. మనుషుల నడకకు ఏ నేల ఎంత ఊగుతుందో ముందే లెక్కకట్టి చెప్పడం ఆమె పని. తమ నడకకు ఇంత లెక్క ఉందని నడిచేవాళ్ళకు తెలియదు.

ఒకసారి విజయనగరంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. కిడ్నీ నుంచి తీసిన ముక్కలను చూసే పెద్ద మైక్రోస్కోపు రెండో అంతస్తు ల్యాబులోకి రావాలి. నేల ఊగితే బొమ్మ చెదురుతుంది. చోటు కుదరకపోతే యంత్రం వేరే ఊరికి పోతుంది. ఇక్కడి రోగులు ఫలితం కోసం మూడేసి వారాలు ఎదురుచూస్తూనే ఉంటారు. అందుకే ల్యాబు డాక్టరు మెహరున్నీసా ముందురోజే అందరినీ హెచ్చరించారు: "రేపు పరీక్ష. ఎవరూ గట్టిగా నడవకండి."

పరీక్ష అనగానే మనవాళ్ళకు పాసవడమే గుర్తుకొస్తుంది. అందరూ చెప్పులు బయట విడిచి, పెళ్ళిపీటల మీదికి వెళ్తున్నట్టు నడిచారు. తొంభై కిలోల సూపరింటెండెంటు సన్యాసిరావు గారు మునివేళ్ళ మీద వచ్చారు. నా గీత కదలలేదు.

"రోజూ ఇలాగే నడుస్తారా సార్?" అంది హేమనళిని.

"ఇంతకంటే మెల్లగానమ్మా!"

అంతలో తలుపు తోసుకుని ఆయా పైడితల్లి దబదబా వచ్చింది. ముందురోజు ఆమెకు సెలవు, హెచ్చరిక వినలేదు. నా గీత ఎగిరిపడింది.

"చెడగొట్టేశావు కదే!" అన్నారు సన్యాసిరావు గారు.

"నానేటి సేసినాను బాబూ? ఆపరేషన్ గదినుంచి ముక్క తెచ్చినాను. ఆలీసమైతే మీరే కదా తిడతారు!"

"ఇలాగే ఇంకోసారి నడువమ్మా," అంది హేమనళిని.

పైడితల్లి పదిసార్లు నడిచింది. "నా నడక మీద ఇంత మోజేటమ్మా? మా ఆయన ఒక్కసారీ సూడనేదు!"

లెక్క తేలింది. రెండో అంతస్తు పనికిరాదు. మట్టి మీద నేరుగా వేసిన కింది అంతస్తు సరిపోతుంది. అక్కడ తగిన గది ఒక్కటే, సన్యాసిరావు గారిది. మెహరున్నీసా ఆయన వైపు చూశారు. ఆయన కిటికీ వైపు చూశారు.

"సరే, నేనే పైకి వెళ్తాను. నా కుర్చీ ఊగితే ఎవరికీ నష్టం లేదు," అన్నారు చివరికి.

యంత్రం వచ్చింది. మొదటి ముక్క ఫలితం మూడో రోజే రోగి చేతికి అందింది.

ఇప్పుడు హేమనళినికి కొత్త పరికరం ఉంది. నేను ఆమె సొరుగులో ఉన్నాను. గదిలో ఎవరైనా నడిస్తే నా స్ప్రింగు కొంచెం కదులుతుంది. ఎవరూ నడవని రోజులు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.